ఎవరూ తెమ్మనకుండానే వచ్చిన డబ్బా

మా ఇంట్లో ఆ పాలపొడి డబ్బా కొనాలని ఎవరూ అనుకోలేదు. నేను అనుకోలేదు, మా అమ్మ అనుకోలేదు, అత్తయ్య అసలే అనుకోలేదు. అయినా పాప పుట్టిన నాలుగో రోజుకి నా మంచం పక్కన బల్ల మీద, వేణ్ణీళ్ల ఫ్లాస్కుకీ ఆసుపత్రి ఫైలుకీ మధ్యలో అది కూర్చుని ఉంది. దాన్ని అక్కణ్ణుంచి లేపాలని నలభై రోజులు తంటాలు పడ్డాను. ఆ నలభై రోజుల సంగతే ఇది.

2023 మార్చి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఉమ్మనీరు తగ్గిందన్నారు, సాయంత్రంలోపు ఆపరేషన్ అన్నారు. తెలంగాణలో ఇదేమంత వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. దేశం మొత్తానికి తీసుకుంటే 21.5. ఈ అంకెలు అప్పుడు నాకు తెలీవు. తెలిసినా, బల్ల ఎక్కాక చేసేదేముంది? నడుములో సూది, కళ్ల ముందు పచ్చగుడ్డ, దాని అవతల పాప ఏడుపు. తీసుకొచ్చి నా చెంపకి ఆనించారు, ఫొటో తీశారు, తీసుకెళ్లిపోయారు.

మళ్లీ పాపని నా చేతుల్లో పెట్టేసరికి మూడున్నర గంటలైంది. ఈలోపు జరిగింది మా ఆయన చెబితే తెలిసింది. సిస్టర్ బయటికొచ్చి, "బేబీ బాగా ఏడుస్తోంది సార్, అమ్మకి ఇప్పుడే పాలు పడవు, ఇది తెప్పించండి" అని చీటీ ఇచ్చిందట. కింద మందుల షాపులో చీటీ చూడగానే డబ్బా, సీసా, రెండు పాలపీకలు కవర్లో వేసి ఇచ్చారట, అలవాటైన చేతులతో. ఆయన పరుగున తెచ్చాడు. ఆ స్థితిలో ఏ తండ్రైనా తెస్తాడు. ఆ సిస్టర్‌ని తిట్టడానికీ నాకు నోరు రాదు. ఆ రాత్రి అన్ని గదులకీ కలిపి ఇద్దరే ఉన్నారు. ఒళ్లంతా మత్తులో ఉన్న బాలింతని కూర్చోబెట్టి, బిడ్డకి రొమ్ము పట్టించాలంటే అరగంట పని. సీసా అయితే ఐదు నిమిషాలు.

మొదటి విడతే 30 మి.లీ. పట్టారు. మొదటి రోజు పసిగుడ్డుకి ఒకసారికి కావలసింది చెంచాడు, మహా అయితే చెంచాడున్నర ముర్రుపాలు. కడుపు నిండిన పిల్ల నా దగ్గరికి వచ్చేసరికి గాఢంగా నిద్రపోతోంది. అమ్మ నా రొమ్ము పిండి చూసింది. పసుపుపచ్చగా రెండు చుక్కలొచ్చాయి. "నాకూ మూడో రోజుకి గానీ పడలేదులే" అంది. అని ఊరుకుందా, "అందాకా ఆ పాలు పట్టండి, నోరెండిపోతుంది" అని కూడా అంది. మా అమ్మమ్మ కాలంలో అయితే ఆ రెండు చుక్కలూ పిండి పారబోసి, బిడ్డ నాలిక మీద తేనో ఆముదమో రాసేవాళ్లు. నాకనిపించేది, ఈ డబ్బా మన ఇళ్లలో కొత్త చోటేమీ సంపాదించుకోలేదు. మొదటి మూడు రోజులూ తల్లి దగ్గర ఏమీ ఉండదని మనమే ఖాళీగా ఉంచిన పీట మీద, తేనెసీసాని పక్కకి జరిపి కూర్చుంది.

డిశ్చార్జి కాగితంలో మందుల కింద ఆఖరి వరసలో ఆ డబ్బా పేరుంది. "30 మి.లీ., 3 గంటలకోసారి." ఐరన్ బిళ్లల కింద రాసుంటే అదీ మందే కాబోలనుకుంటాం కదా.

ఇంటికొచ్చాక అందరూ నన్ను ప్రేమగా చూసుకున్నారు. గొడవంతా అక్కడే వచ్చింది. అమ్మ తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, సొరపిట్టు ఒకదాని తర్వాత ఒకటి తినిపిస్తోంది. పాప లేస్తే, "నువ్వు పడుకో, కుట్లు లాగుతాయి, నేను పట్టేస్తాలే" అని అత్తయ్య సీసా కలిపేస్తోంది. రాత్రి పన్నెండుకి మా ఆయన వంతు. నాకు పాలు పడాలని అందరూ తాపత్రయపడుతున్నారు, ఆ పాలు తాగాల్సిన పిల్ల మాత్రం నా దగ్గరికి రోజుకి రెండుసార్లే వస్తోంది.

వచ్చినప్పుడైనా పట్టదు. రొమ్ముకి ఆనించగానే మొహం తిప్పేసి, విల్లులా వెనక్కి వంగి, కీచుమని ఏడ్చేది. సీసా పీకని ఇలా చప్పరిస్తే చాలు, పాలు కారతాయి. రొమ్మైతే ఒక నిమిషమైనా కష్టపడాలి, అప్పుడు గానీ ధార రాదు. పదిహేను రోజుల పిల్లకి ఆ ఓపిక ఎందుకుంటుంది? పాప అలా మొహం తిప్పినప్పుడల్లా నన్నే వద్దంటోందనిపించేది. బయటికి చెప్పడానికి సిగ్గు.

పదిహేడో రోజున పంపు పెట్టి చూసుకున్నాను. ఇరవై నిమిషాలకి, రెండు వైపులా కలిపి, 25 మి.లీ. పాప అప్పటికి రోజుకి 480 మి.లీ. తాగుతోంది.

"ఏడుస్తావెందుకే? మావాణ్ణి డబ్బాపాలతోనే పెంచాను. ఏమయ్యాడు? ఆరడుగులున్నాడు" అంది అత్తయ్య. నిజమే, ఉన్నాడు. ఆమె వంటింట్లో అటక మీద ఇప్పటికీ ఆ కాలపు అమూల్ రేకు డబ్బాలు మూడున్నాయి, చింతపండుకీ మినుములకీ. గేదెపాలతో పసిపిల్లల ఆహారం చేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దాన్ని అమూల్ డబ్బాల్లోకి ఎక్కించింది. అంతకుముందు పసిపిల్లల పాలపొడి అంటే ఎక్కువగా దిగుమతి సరుకే. అత్తయ్య తరానికి అది దేశం సాధించిన వస్తువు, పైగా హోదా. బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి మనం ఇప్పటికీ "అమూల్ బేబీ" అనే అంటాం.

నా స్నేహితురాలి ద్వారా ఒక లాక్టేషన్ కౌన్సెలర్, అంటే తల్లిపాలు పట్టించడం నేర్పేవాళ్ల నంబరు దొరికింది. పూర్వం నర్సుగా చేసినావిడ, యాభై దాటి ఉంటుంది. పద్దెనిమిదో రోజు పొద్దున్న భుజానికో సంచీతో వచ్చింది. అందులోంచి తూకం మిషన్, సన్నటి ప్లాస్టిక్ గొట్టాల పాకెట్టు, టేపు తీసింది. ఆఖర్న ఒక వెండి ఉగ్గుగిన్నె. అత్తయ్య మొహం విప్పారింది. "మా పుట్టింట్లో ఉండేదండీ ఇది!"

ముందు పాప బరువు చూసింది, 3 కిలోల 380 గ్రాములు. పుట్టినప్పటి మీద పెరిగింది కాబట్టి తొందరేం లేదంది. పాప నా మీద ఉండగా చాలాసేపు చూసింది, ఏమీ మాట్లాడకుండా. తర్వాత అందరినీ పిలిచి చెప్పింది.

"రేపట్నుంచి సీసా ఉండదు. డబ్బా ఉంటుంది."

మాకు అర్థం కాలేదు. "డబ్బా ఒక్కసారిగా ఆపితే పిల్ల బరువు పడిపోతుందమ్మా. పాప ఆకలి తీరాలి, అదే సమయానికి రొమ్ముకీ పని పడాలి. పాలెంత తీస్తే అంత ఊరతాయి, తియ్యకపోతే ఇక్కడ అక్కర్లేదు కాబోలనుకుని ఒళ్లే మానేస్తుంది" అంది. అమ్మ వెంటనే అందుకుంది, "చెలమ లాగా అన్నమాట. తోడుతుంటేనే నీళ్లు." కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషికి అంతకంటే వివరించక్కర్లేదు.

పద్ధతి ఇదీ. సన్నటి గొట్టం ఒక కొసని చనుమొన పక్కన టేపుతో అతికించాలి. రెండో కొస స్టీలు గ్లాసులో కలిపిన పాలలో ఉండాలి. పాప చప్పరించగానే గొట్టంలోంచి పాలొస్తాయి, రొమ్ము దగ్గరే పని జరుగుతుందని పిల్ల నమ్ముతుంది. గ్లాసు పైకెత్తితే పాలు జోరుగా, దించితే నెమ్మదిగా. మా ఆయన సెలైన్ స్టాండులా గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. పాప మొహం తిప్పబోయింది, నోట్లోకి పాలు రాగానే ఆగింది. కళ్లు పెద్దవి చేసి నా మొహంలోకి చూసింది. తర్వాత చప్పరించడం మొదలుపెట్టింది. గుటక, గుటక, ఊపిరి. గుటక, గుటక, ఊపిరి. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన చెయ్యి వణికి గ్లాసులో పాలు కొన్ని నా చీర మీద పడ్డాయి, అయినా మాట్లాడలేదు.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అతికించాం. రోజుకి పదిసార్లు గొట్టంతో. ప్రతిసారీ అయ్యాక పది నిమిషాలు పంపు. పాప తడిపిన గుడ్డలు రోజుకి ఆరుకి తగ్గకూడదు. మూడు రోజులకోసారి తూకం. రోజుకి పాతిక గ్రాముల చొప్పున పెరిగితే డబ్బాపాలు 50 మి.లీ. కోత, పెరక్కపోతే అక్కడే ఆగడం. 480, 430, 380. ఇరవైఆరో రోజు నుంచి మూడు రోజులకి కలిపి ఇరవై గ్రాములే పెరిగింది. మళ్లీ 430కి వెళ్లాం. ఆ రాత్రి గొట్టాలన్నీ చెత్తబుట్టలో వేశాను. పొద్దున్నే అమ్మ తీసి, మరగబెట్టి, ఏమీ జరగనట్టు టేపు కత్తిరిస్తూ కూర్చుంది.

రాత్రి మూడింటి పంపు మాత్రం మానొద్దంది కౌన్సెలరమ్మ. పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువట. ఇల్లంతా నిద్రపోతుంటే, మోటారు గుర్రుమంటుంటే, ఫోన్లో చదువుతూ కూర్చునేదాన్ని. మొదట మెంతుల గురించి వెతికాను. అక్కణ్ణుంచి డబ్బా పుట్టు పూర్వోత్తరాల దాకా వెళ్లాను.

1867లో స్విట్జర్లాండ్‌లోని వెవే ఊళ్లో హెన్రీ నెస్లే ఆవుపాలు, గోధుమపిండి, పంచదార కలిపి పిల్లల ఆహారం తయారుచేశాడు. తల్లిపాలు తాగలేక చనిపోయే పిల్లల కోసం. ఇక్కడి దాకా నాకు గౌరవమే. 1939లో సింగపూర్‌లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు రోటరీ క్లబ్బు సభలో నిలబడి "పాలు, హత్య" అనే పేరుతో మాట్లాడింది. డబ్బాపాలు మంచివని నమ్మించి పేదతల్లుల చేత పోతపాలు పట్టించడమంటే హత్య చెయ్యడమేనంది. 1960లు, 70లలో ఆఫ్రికా, ఆసియా దేశాల ప్రసూతి వార్డుల్లో తెల్లబట్టల ఆడవాళ్లు తిరిగేవాళ్లట, ఉచితంగా డబ్బాలు పంచుతూ. చూడ్డానికి నర్సులే, జీతం ఇచ్చేది పాలపొడి కంపెనీలు. ఆ ఉచిత డబ్బా అయిపోయేసరికి తల్లికి పాలెండిపోయేవి. నేను అదే స్థితిలో ఉన్నాను కాబట్టి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా చీటీకి డబ్బులిచ్చాం, అంతే తేడా.

1977లో అమెరికాలో నెస్లేపై బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ, తల్లిపాలకి బదులుగా అమ్మే సరుకుల ప్రచారానికి హద్దులు పెడుతూ నియమావళి తెచ్చింది. 118 దేశాలు ఔనన్నాయి, వద్దన్నది ఒక్క అమెరికా. మనదేశంలో 1992లో చట్టమే వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. డబ్బా మీద పసిపాప బొమ్మ వెయ్యకూడదు. వైద్య సిబ్బందికి కంపెనీలు కానుకలివ్వకూడదు, వాళ్ల సదస్సులకి డబ్బు పెట్టకూడదు. లైటు వేసి మా డబ్బా చూశాను. నిజమే, పాప బొమ్మ లేదు. తల్లిపాలే బిడ్డకి శ్రేష్ఠం అని ఇంగ్లిషులో పెద్దక్షరాలతో ఉంది. చట్టం డబ్బా మీద చక్కగా అమలవుతోంది. చీటీ రాసే చెయ్యి దగ్గరికొచ్చేసరికి కనపడదు.

ఇన్ని కట్టుబాట్ల తర్వాత అమ్మకాలు తగ్గాయా అంటే, 1978లో ప్రపంచం మొత్తానికి 150 కోట్ల డాలర్లున్న ఈ వ్యాపారం 2019కి 5,560 కోట్ల డాలర్లయింది. ముప్పైఏడు రెట్లు. పిల్లలు ముప్పైఏడు రెట్లు పుట్టలేదు కదా. ఎలాగా అని ఆలోచిస్తే మా ఇల్లే సమాధానంగా కనిపించేది. ఆపరేషన్ కాన్పులు పెరిగాయి, పుట్టగానే రొమ్ము పట్టించాల్సిన మొదటి గంట పోయింది. ఆడవాళ్లు పట్నాల్లో ఉద్యోగాల్లోకి వచ్చారు, చాలామందికి సెలవు రాలేదు. పక్కన కూర్చుని పట్టించడం నేర్పే పెద్దవాళ్లకే ఆ సంగతి మరుపున పడింది, ఎందుకంటే వాళ్ల తరంలోనే డబ్బా వచ్చింది. మొదట ఒకటే ఉన్న డబ్బాకి ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు పుట్టుకొచ్చాయి. నా ఫోన్లో రెండేళ్లు దాటిన పిల్లల పాలపొడి ప్రకటన రోజూ వచ్చేది, ఒకటో నంబరు డబ్బాకి కవలపిల్లలా ఉండేది. ఇది చట్టానికి దొరకదు.

పాప పుట్టడానికి నెల ముందే, 2023 ఫిబ్రవరిలో, లాన్సెట్ అనే వైద్య పత్రికలో దీని మీద మూడు పెద్ద వ్యాసాలు వచ్చాయి. అందులో ఒక మాట నన్ను పట్టుకుంది. పసిపిల్లలు ఏడవడం, ఊరికే లేవడం, కుదురుగా ఉండకపోవడం మామూలే. వాటినే జబ్బుల్లా చూపించి కంపెనీలు డబ్బా అమ్ముతున్నాయని. మా ఇంట్లో పాప ఏడ్చినప్పుడల్లా నలుగురం అన్న మాట ఒకటే. "పాలు చాలట్లేదు." ఆ మాట మాకు ఏ కంపెనీ ప్రతినిధీ వచ్చి నేర్పలేదు. గాలిలో ఉంది.

డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఒకరోజు ఆ వేళప్పుడే ఫోన్ చేశాను, వాళ్లకి సాయంత్రం. 2022లో మిషిగన్‌లోని ఒక ఫ్యాక్టరీ మూతపడి దేశమంతా పాలపొడి కరువొచ్చినప్పుడు దానికి నాలుగు నెలల బాబు. డబ్బా కోసం ఊరంతా తిరిగానంది. "నీకేంటే, ఆరు నెలల సెలవు. నేను ఎనిమిదో వారంలో ఆఫీసులో ఉన్నా" అంది. అక్కడ జీతంతో కూడిన ప్రసూతి సెలవుకి దేశం మొత్తానికి చట్టమే లేదు. పేద తల్లులకి ప్రభుత్వమే పాలపొడి ఉచితంగా ఇస్తుంది, దేశంలో అమ్ముడయ్యేదాంట్లో సగం దాకా ఆ పథకం కిందే పోతుంది. సెలవివ్వరు గానీ డబ్బా ఇస్తారు. ఇందులో తర్కం నాకైతే అంతుపట్టలేదు.

ముప్పైఐదో రోజుకి 330కి వచ్చాం. నలభైఐదో రోజున పాప గొట్టాన్ని నాలికతో తోసేసి, రొమ్ముని మాత్రమే పట్టుకుని తాగింది. యాభైఎనిమిదో రోజుకి రోజు మొత్తానికి 60 మి.లీ. మిగిలింది, రాత్రి పది గంటల విడత. అది పోలేదు. ఎంత ప్రయత్నించినా ఆ వేళకి నా దగ్గర పాలు పలచబడేవి, పాప గోల చేసేది. కౌన్సెలరమ్మ, "ఇక చాలమ్మా, లెక్క పెట్టడం ఆపు" అంది. ఉగ్గుగిన్నెతో ఆ అరవయ్యీ అత్తయ్యే పట్టేది, అయిదో నెల దాకా. ఫ్రిజ్ మీద కాగితం తీసేశాం.

కౌన్సెలరమ్మకి డబ్బా మీద కోపం ఉండేది కాదు, నాకే ఉండేది. తల్లి లేని బిడ్డకి, క్యాన్సర్ మందులు వాడే తల్లి బిడ్డకి అది ప్రాణం పోసేదే అనేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే దానికంటే ముందు తల్లిపాల బ్యాంకు చూడాలని, నీలోఫర్ ఆసుపత్రిలో ఉందని చెప్పింది.

ఇదంతా జరిగేటప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతూ అన్నీ చూసేది. ఆమె మనవరాలికి అప్పుడు నాలుగో నెల. ఒకరోజు డబ్బా చూపించి, "అందులో మిగిలింది ఇస్తావా అమ్మా?" అని అడిగింది. మూత తీసి నెల దాటిందని, వాడకూడదని చెప్పాను. ఆమె నన్నో పిసినారిని చూసినట్టు చూసింది. వాళ్లెలా కలుపుతున్నారో అడిగాను. "సీసా నిండా నీళ్లకి రెండు చెంచాలు." సీసా అంటే పావు లీటరు. ఎనిమిది పొయ్యాల్సిన చోట రెండు. 400 గ్రాముల డబ్బా మాకే ఆరు రోజులకి అయిపోయేది, నెలకి అయిదు డబ్బాలు, రెండు వేలు పైమాటే. వాళ్లు ఒక్కటే నెలంతా లాగుతున్నారు. సిసిలీ విలియమ్స్ సింగపూర్‌లో చెప్పింది రాత్రిపూట ఫోన్లో చదివాను, పగలు నా సింకు దగ్గర విన్నాను.

ఆమె కోడలికి కౌన్సెలరమ్మ చేత ఫోన్ చేయించాను. రెండు రోజులు గొట్టంతో ప్రయత్నించిందట. బట్టల షాపులో పని, పొద్దున్న పదికి వెళ్తే రాత్రి తొమ్మిది. చట్టం ప్రకారం పదిహేను నెలల దాకా పాలిచ్చేందుకు రోజుకి రెండు విరామాలివ్వాలి. నా ఆఫీసులో ఆరు నెలల సెలవు తర్వాత నాకిచ్చారు కూడా, పాత కుర్చీలు పేర్చిన ఒక గదిలో. ఆ షాపులో ఆ అమ్మాయి కూర్చోవడానికే లేదు.

తర్వాతి వారం ఆమె కొత్త డబ్బా కొని నా దగ్గరికే పట్టుకొచ్చింది. ఇద్దరం వంటింట్లో నిలబడ్డాం. నీళ్లు మరిగాక దించి, అరగంట లోపే, వేడి తగ్గకముందే కలపాలని చెప్పాను. డబ్బాలో ఉన్న కొలత చెంచానే వాడాలి, చాకు వెనకతో పైపైన గీసెయ్యాలి, పోగు పెట్టకూడదు, తక్కువ చెయ్యకూడదు. 30 మి.లీ.కి ఒకటి. 120కి నాలుగు. ఆమె ఒకసారి నా ముందు కలిపి చూపించింది. సీసాని చన్నీళ్ల గిన్నెలో తిప్పి చల్లార్చి, చుక్క మణికట్టు మీద వేసుకుంది.

"ఇట్లయితే వారానికో డబ్బా పడుతుంది కదమ్మా," అంది.

పడుతుందన్నాను.